ఉల్టా చూడీ నట్టు

పక్షవాతం వచ్చి నా మాట పోయింది, కుడిపక్క పోయింది. మిగిలింది ఎడమ చెయ్యీ, ఒళ్ళంతా కోపమూ. ఆటోలో కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతున్నానని చర్చికి తీసుకెళ్ళడం కూడా మానేశారు. గోడ మీది బల్లులకు పెద్దరికం చేస్తూ కూర్చున్నాను.

మా అబ్బాయి లూకాకు ఒక ఉపాయం తట్టింది. నా పాత బుల్లెట్‌కు సైడ్‌కారుంది. అందులో ఒదిగి కూర్చుంటే ఎటూ పడను. ఆదివారం దాంట్లోనే చర్చికి పోదామన్నాడు. మా చిలకలగూడ దాటి మళ్ళీ మొహానికి గాలి తగులుతుందంటే నాకు ఏడుపొచ్చింది.

శనివారం బండిని వరండా ముందుకు తెచ్చాడు. చైన్ తిప్పే పళ్ళచక్రం అరిగింది, మార్చాలి. దాన్ని పట్టి ఉంచేది ఇరుకులో ఉన్న ఒక పెద్ద నట్టు. లోకంలోని నట్లు ఎడమకు తిప్పితే ఊడతాయి. ఇది ఎడమకు తిప్పితే బిగుస్తుంది, కుడికి తిప్పితేనే ఊడుతుంది. మన మెకానిక్కులు దీన్ని ఉల్టా చూడీ అంటారు, అంటే తిరగబడ్డ మర. లూకాకు ఆ సంగతి తెలియదు. పానా పెట్టి ఎడమకు లాగాడు. తుప్పనుకుని కిరోసిన్ పోశాడు. ఊదూ కాలలేదు, పీరూ లేవలేదు. చివరికి పానాకు పొడుగాటి పైపు తొడిగాడు. ఇంకా లాగితే నట్టు ఎక్కిన షాఫ్టు మీది మర తెగిపోతుంది. ఆ షాఫ్టు ఇప్పుడు రాణిగంజ్ విడిభాగాల బజారులో కూడా దొరకదు.

నేను ఎడమ చెయ్యెత్తి కుడివైపుకు తిప్పి చూపించాను. మళ్ళీ మళ్ళీ తిప్పాను.

"బిగించుడు తర్వాత డాడీ. ముందుగాల ఇప్పనియ్యి," అన్నాడు లూకా.

అరవబోతే బ, బ అని తప్ప రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ చప్పుడుకు కోడలు మేబెల్ వంటింట్లోంచి వచ్చింది. బంగారం లాంటి పిల్ల. కాని మా ఇంట్లో ఎవరు కంటతడి పెట్టినా ముందు ప్రార్థన, కారణం అడిగేది తర్వాత. ఆ పద్ధతి పెట్టింది సంఘపెద్దనైన నేనే.

మామయ్య ప్రార్థన చేయమంటున్నారంటూ నా ఎడమ చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుంది. నాకు మిగిలిన నోరు ఆ చెయ్యే. గుంజుకోబోయాను. పరిశుద్ధాత్మ కదిలిస్తోందనుకుని ఇంకా గట్టిగా పట్టుకుంది. లూకా కూడా పైపు వదలకుండానే తల వంచాడు. పాస్టరుగారి మోకాళ్ళ నొప్పులతో సహా అందరినీ తలుచుకుని, మేబెల్ చివరికి ప్రార్థనలో బండి దాకా వచ్చింది. ప్రభువా, ఆ నట్టును కదిలించు అంది. వద్దు ప్రభువా అని నేను లోపలే మొత్తుకున్నాను. నోరున్నదాని మాటే చెల్లింది.

ఆమెన్ అంటూ లూకా పైపు మీద బరువంతా వేశాడు. లోపల ఏదో టప్పుమంది.

"ప్రార్థన ఫలించింది డాడీ. ఊడింది," అని నట్టును తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. వేడిగా ఉంది. తెగిన మర సన్నటి తీగలా మెలికలు తిరిగి దానికి వేలాడుతోంది. ఆ బండి ఇక కదలదని ఈ ఇంట్లో నాకొక్కడికే తెలుసు.

మేబెల్ నా కన్నీళ్ళు కొంగుతో తుడిచింది.

"మామయ్యకు ఎంత సంతోషమైందో చూడు," అంది.

మళ్ళీ నా చెయ్యి పట్టుకుని స్తుతి ప్రార్థన మొదలుపెట్టింది.