కూడలిలో ఆగిన బస్సు

అద్దం మీద పట్టిన మంచును తడిగుడ్డతో తుడుస్తూ డ్రైవరు రోజూలాగే ఇంజనుతో మాట్లాడుతున్నాడు. "లేవవే తల్లీ! నీకంటే ముసలివాణ్ణి, నేను లేవలేదూ?" ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి గురక పెట్టి, చివరికి లేచింది. బస్సంతా వణికింది. స్టీరింగుకు చుట్టిన ప్లాస్టిక్ తాడు అరచేతుల కింద గరగరలాడింది. ఆ తాడు అరిగిన చోట్లే అతని చేతులూ కాయలు కాశాయి.

గుమ్మంలోంచి భార్య అరిచింది. పంటి కింద దారప్పోగు పెట్టుకుని మాట్లాడడం ఆమెకు అలవాటు. పక్కింటివాళ్ళ జాకెట్లన్నీ ఆమె కుట్టినవే.

"ఏవండీ, తమ్ముడు కనిపిస్తే ఓసారి ఇంటికి రమ్మనండి. వాడి మొహం చూసి ఎన్నాళ్ళయిందో!"

"నీ తమ్ముడిప్పుడు పెద్ద ఆఫీసరు. మన గుమ్మానికి తల తగులుతుందేమో."

"తగిలితే వంచుకుంటాడు. వంచడం మనం నేర్పిందేగా," అంది ఆమె.

అది నిజమే. తల్లీ తండ్రీ పోయి, ముక్కు కారుతూ అక్క వెంట వచ్చిన పిల్లాడు ఈ ఇంట్లోనే పెరిగాడు. వాళ్ళకు పిల్లలు లేరు. బామ్మర్దే బిడ్డయ్యాడు. సైకిలు సీటు వెనక పట్టుకుని వీధి పొడుగునా పరిగెత్తి తొక్కడం నేర్పింది డ్రైవరే. వాడు చదివి, కుళాయిలకు మెరుగు పూసే ఫ్యాక్టరీలో కూలీల మీద సూపర్‌వైజరయ్యాడు. నడుం పట్టేసి లారీ మానుకున్న బావకు ఫ్యాక్టరీ బస్సు ఇప్పించాడు. "బావా, ఇక చీకట్లో పడి తిరగక్కర్లేదు" అన్నాడు ఆ రోజు. డ్రైవరు మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

డ్రైవరు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. లారీ తోలినన్నాళ్ళూ "ఎక్కడికి?" అని అడిగాడే తప్ప, "ఎందుకు?" అని ఎవర్నీ అడిగి ఎరగడు. లోపల ఏ సరుకుందో, ఎవరిదో అతనికి పట్టలేదు. బండి గుంటలో పడకుండా చేరితే అతని ధర్మం తీరినట్టే.

ఊరి చివర కూలీల షెడ్ల ముందు బస్సాపి తలుపు తీశాడు. ఎవరూ ఎక్కలేదు. కొన్నాళ్ళుగా ఇదే తంతు. తెల్లారేసరికి రావడం, తలుపు తీసి కూర్చోవడం, ఖాళీ బస్సుతో పోవడం. సరిహద్దు అవతలి నుంచి పనికొచ్చిన వాళ్ళంతా ఆవరణలో నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకడు యాసిడ్ తొట్టిలోకి కాలు జారి పడ్డాడు. మోకాళ్ళ దాకా ఒళ్ళు ఉడికిపోయింది. గాయమైనా సరిగ్గా ఆరకముందే ఫ్యాక్టరీవాళ్ళు అతన్ని రైలెక్కించేశారు. మర్నాటి నుంచి వీళ్ళు పని ఆపేశారు. తొట్ల చుట్టూ కంచె కావాలి, చేతులకు తొడుగులు కావాలి, రాత్రిళ్ళు షెడ్లకు బయట నుంచి తాళం వెయ్యడం మానాలి. అడిగింది అంతే.

పిట్ట టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి మనిషి చిన్నది, నోరు పెద్దది, అందుకే అందరూ అలా పిలుస్తారు. రోజూ డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, కిటికీలోంచి కనిపించినదల్లా చూపించి "ఇది ఏమి?" అని అడిగి అడిగి భాష నేర్చుకుంది. క్రియలు మాత్రం ఎప్పుడూ తప్పే.

"బాబాయ్, ఈరోజు కూడా మేము ఎక్కదు. నీకు కోపం వస్తావా?"

"నాకెందుకమ్మా కోపం? తగలబడే డీజిలు నాది కాదుగా."

ఆమె నవ్వింది. గ్లాసు అందించిన వేళ్ళ చివర చర్మం ఉల్లిపొరలా ఊడి ఉంది. డ్రైవరు టీ తాగుతూ ఆ వేళ్ళ వంక చూడకుండా, చెట్టు కొమ్మ వంక చూశాడు. ఇన్నాళ్ళూ అలాగే చూశాడు.

అంతలో జీపు వచ్చి ఆగింది. బామ్మర్ది దిగాడు. ఇస్త్రీ చొక్కా, నిద్రలేని కళ్ళు. జీపు వెనక సీట్లలో నలుగురు కొత్త మొహాలు.

"బావా, శుభవార్త. వీళ్ళందర్నీ లేబర్ ఆఫీసుకు తీసుకుపోవాలి. చర్చలకు పిలిచారు."

ఆ మాట ఆవరణంతా పాకింది. ఎవరూ వెంటనే లేవలేదు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పిట్ట జీపు వంక చూసింది, బామ్మర్ది వంక చూసింది, చివరికి డ్రైవరు దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, నువ్వే నడుపుతావా?"

"నేను కాక ఇంకెవరమ్మా?"

"అయితే వస్తాం," అని ఆమె వెనక్కి తిరిగి తన భాషలో కేక వేసింది.

క్షణాల్లో షెడ్లు సందడిగా మారాయి. మొహాలు కడుక్కున్నారు. ఉన్నవాటిలో చిల్లులు తక్కువున్న బట్టలు కట్టుకున్నారు. ఒకావిడ బస్సు అద్దంలో చూసుకుని తల దువ్వుకుంది. బామ్మర్ది కూడా ఎక్కాడు, జీపు వెనకే బయల్దేరింది. బస్సు కదిలాక వెనక నుంచి ఎవరో పాట అందుకున్నారు. డ్రైవరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, గేరు మార్చేటప్పుడు అతని మోకాలు ఆ తాళానికి ఊగింది.

పెద్ద కూడలి వచ్చింది. లేబర్ ఆఫీసు ఎడమవైపు. డ్రైవరు ఎడమకు తిప్పబోయాడు.

"తిన్నగా పో బావా," అన్నాడు పక్కన నిలబడ్డ బామ్మర్ది, గొంతు తగ్గించి.

"ఆఫీసు ఇటు కదరా?"

"తెలుసు. తిన్నగా పో. హైవే మీద ఎక్కడా ఆపకు. సరిహద్దు దగ్గర వీళ్ళ కోసం వేరే బండ్లున్నాయి. దింపేసి వచ్చేద్దాం, అంతే."

డ్రైవరుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, కాలు దానంతటదే బ్రేకు నొక్కింది. పాట ఇంకా వినిపిస్తూనే ఉంది.

"చర్చలన్నావు?"

"అనకపోతే ఎక్కుతారా? ముందు వేరే బస్సు పెడదామన్నారు. నేనే చెప్పా, మా బావ బండయితే అనుమానపడరని."

డ్రైవరు అద్దంలోకి చూశాడు. పిట్ట కిటికీకి ముక్కు ఆనించి బోర్డులు చదువుతోంది. తనను చూసి ఎక్కారు. తన మొహం చూసి. ఎలుకల బోనులో కొబ్బరిముక్క పెట్టినట్టు, తనను ఆ సీట్లో కూర్చోబెట్టారు.

"ఎందుకురా?" అన్నాడు.

"ఎందుకేంటి? పైనుంచి చెప్పారు. పోనివ్వు బావా, వెనక హారన్లు కొడుతున్నారు."

డ్రైవరు బస్సును కూడలి మధ్యకు తెచ్చి, అడ్డంగా తిప్పి, ఆపేశాడు. ఇంజను ఆపి తాళంచెవి పీకాడు. తలుపు తీశాడు. పాట ఆగింది.

"అమ్మా పిట్టా, లేబర్ ఆఫీసు అదిగో, ఎడమపక్క. అందర్నీ దించు, నడిచి పొండి. ఈ బస్సు వెళ్ళేది అక్కడికి కాదు."

"మరి ఎక్కడికి, బాబాయ్?"

"సరిహద్దుకి. మిమ్మల్ని వదిలించుకోవడానికి."

పిట్ట మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆమె చెప్పిన మాట సీటు నుంచి సీటుకు పాకుతుంటే ఒక్కొక్కళ్ళే లేచి నిలబడ్డారు. దువ్వుకున్న తలలు, కడుక్కున్న మొహాలు.

"తాళం ఇవ్వు బావా!" బామ్మర్ది అతని చొక్కా పట్టుకున్నాడు. "నా ఉద్యోగం పోతుంది. నీదీ పోతుంది. అక్క గురించయినా ఆలోచించు!"

డ్రైవరు సీట్లోంచి లేచి పిడికిలి వెనక్కి దాచుకున్నాడు. మెట్ల దగ్గర ఇద్దరూ పెనుగులాడారు. బామ్మర్ది ఒక్క తోపు తోశాడు. డ్రైవరు తల వెనక భాగం తలుపు ఇనపకమ్మీకి కొట్టుకుంది. కొబ్బరికాయ నేలకేసి కొట్టిన చప్పుడు. తోసిన చేతులు గాలిలోనే ఉండిపోయాయి.

డ్రైవరు లేచాడు. తల తడుముకుని అరచెయ్యి చూసుకున్నాడు. రక్తం లేదు.

"ఏం కాలేదులే," అన్నాడు, బామ్మర్ది మొహం చూసి. "సైకిలు మీంచి పడి నువ్వే ఇంతకంటే పెద్ద బొప్పి కట్టించుకున్నావు." వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. పిడికిలి విప్పలేదు.

జీపులోవాళ్ళు దిగి వచ్చారు. అప్పటికే నాలుగు వైపులా బండ్లు ఆగిపోయి, తిట్లు మొదలయ్యాయి. ఒక లారీ డ్రైవరు లుంగీ ఎగ్గట్టి కొట్టడానికే వచ్చాడు. సీట్లో ఉన్నదెవరో చూసి ఆగాడు.

"అన్నా! నువ్వా? ఏంటిది?"

నాలుగు మాటల్లో విషయం విన్నాడు. పిట్ట వేళ్ళు చూశాడు. వెనక్కి పోయి తన లారీని బస్సు పక్కనే అడ్డంగా పెట్టి దిగాడు. ఆ వెనక ఆటోవాళ్ళు. ఆ తర్వాత కూరగాయల బండివాడు, తన బండి ఏ దారికీ అడ్డం కాకపోయినా, తెచ్చి మధ్యలో నిలబెట్టాడు. జీపులోవాళ్ళు ఆ గుంపును చూసి మెల్లగా జారుకున్నారు.

కూలీలు నడిచి వెళ్ళి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. డ్రైవరు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తల బరువుగా ఉంది. లారీ డ్రైవరు ఆస్పత్రికి పోదామన్నాడు. "బండి దిగితే తోలుకుపోతారు. లేబర్ ఆఫీసరు బయటికి రానీ," అన్నాడు. కాసేపటికి మంచినీళ్ళు అడిగి తాగాడు. "మా ఇంటావిడకు కబురు పెట్టు. ఆలస్యమవుతుందని," అన్నాడు. తర్వాత స్టీరింగు మీద చేతులు పెట్టుకుని తల వాల్చాడు. కునుకు తీస్తున్నాడనుకున్నారు.

ఎండ వాలాక ఆఫీసరు బయటికి వచ్చాడు. ఊరంతా ఆగిపోతే రాక తప్పలేదు. ఎవర్నీ పంపించడానికి వీల్లేదన్నాడు, షెడ్ల తాళాలు ఈ సాయంత్రమే తీయిస్తానన్నాడు. కంచె, తొడుగుల సంగతి రేపు ఫ్యాక్టరీవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడతానన్నాడు. పిట్ట అందరికంటే ముందు బస్సు దగ్గరికి పరుగెత్తింది.

"బాబాయ్! తాళాలు తీస్తారు! బాబాయ్, నేను సరిగ్గా చెప్పానా? తీస్తారు!"

భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్ళు చల్లగా తగిలింది. ఇన్నాళ్ళూ నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఆమె నోటికి రాలేదు.

భార్య వచ్చేసరికి జనం దారి ఇచ్చారు. ఆమె జాకెట్టుకు సూది గుచ్చి ఉంది, దారం వేలాడుతోంది. ఆలస్యమవుతుందన్న కబురు, ఆ వెనకే ఈ కబురు, రెండూ దాదాపు ఒకేసారి అందాయి. ఆమె ఏడవలేదు. భర్త తల వెనక, జుట్టులో, వేళ్ళతో నెమ్మదిగా వెతికి, ఉబ్బిన చోటు పట్టుకుంది.

"ఎవరు తోశారు?" అంది.

రోడ్డు అంచున గోడకానుకుని కూర్చున్న ఆమె తమ్ముడు తల ఎత్తలేదు. "తోశానంతే అక్కా," అన్నాడు నేలతో. "తోశానంతే." ఆమె అతని వంక చాలాసేపు చూసింది. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

కూలీలే డ్రైవరును దించారు. లారీ డ్రైవరు ఖాళీ లారీలో గోనెలు పరిచాడు. పిట్ట బాబాయి పాదాలు పట్టుకుంది. వెనకే వాళ్ళంతా నడిచారు, ఆటోలు నడకతో సమానంగా కదిలాయి. కూడలి ఖాళీ అయింది. బస్సు మాత్రం అక్కడే ఉంది. తలుపు తెరిచి ఉంది. బ్రేకు పక్కన, రోజూ ఉత్తకాళ్ళతో బండి నడిపే మనిషి విప్పి పెట్టుకున్న చెప్పులు, మడమల దగ్గర అరిగినవి, మొనలు తలుపు వైపు తిరిగి ఉన్నాయి.