వాగు దాటే టైర్లు

రాంబాబు జీపు టైర్లు అరిగి అరిగి బోడిగుండులా నున్నగా తయారయ్యాయి. దమ్మపేట సంతలో ఆటోవాళ్లు సైతం వాటిని చూసి ఇకిలించేవాళ్లు. "ఏంది రాంబాబూ, టైర్ల మీద నడుపుతున్నవా, దేవుని మీద భారమేసి నడుపుతున్నవా?" అనేవాళ్లు. అనరూ మరి! పేరుకి నాలుగు చక్రాలూ లాగే బండి, చినుకు పడితే మాత్రం ఊరి చివర గట్టు కూడా ఎక్కదు.

నవ్వితే నవ్వనీ అనుకునేవాడు రాంబాబు. అతన్ని లోపల్లోపల తినేస్తున్నది వేరే ఉంది. రాళ్లవాగు అవతలి గూడెంలో ఉండే జంపక్క అతనితో మాట్లాడి రెండేళ్లయింది.

అప్పుడు తొలకరి వానలు. జంపక్క కోడలు వనజకి తొలికాన్పు నొప్పులొచ్చాయి. రాంబాబే ఎక్కించుకుని బయల్దేరాడు. వాగు మధ్యలో చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి, ఎంత తొక్కినా కదల్లేదు. చివరికి గూడెం మగవాళ్లు వనజని మంచం మీద మోసుకుని రోడ్డెక్కించారు. భద్రాచలం దవాఖానాకి చేరేసరికి ఆలస్యమైపోయింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

జంపక్క ఒక్క మాట కూడా తిట్టలేదు. అదే రాంబాబు ప్రాణానికి వచ్చింది. ఆ గూడెంలో ఒక ఆచారముంది. విత్తనాల పండక్కి మగవాళ్లంతా వేటకని అడవిలోకి పోతారు. ఈ రోజుల్లో వేటంటే పేరుకే, నాలుగు దుంపలో ఇంత తేనో పట్టుకొచ్చినా చాలు. ఉత్త చేతులతో వచ్చినవాణ్ని మాత్రం ఆడవాళ్లు వదలరు, గూడెం మొగదల్లోనే నిలబెట్టి నెత్తిన పేడనీళ్లు గుమ్మరిస్తారు. అంతటితో సరి. తర్వాత వాణ్ని కూర్చోబెట్టి అందరితోపాటే అన్నం పెడతారు, ఆ మాట మళ్లీ జన్మలో ఎత్తరు. బిడ్డ పోయిన మర్నాడు రాంబాబు కూడా వెళ్లి గూడెం మొగదల్లో తలొంచుకుని నిలబడ్డాడు. జంపక్క చూసింది. చూసి, పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది. ఆనాటి నుంచీ సంతకి రావాలన్నా వాగు దాటొచ్చి వేరే ఆటో ఎక్కుతుంది గానీ అతని జీపు వంక చూడదు. 'పేడనీళ్లు పోసినా బాగుండు, శారదా' అని భార్య దగ్గర ఎన్నిసార్లు కళ్లనీళ్లు పెట్టుకున్నాడో!

ఇప్పుడు వనజకి మళ్లీ నెలలు నిండుతున్నాయి. ముందుగానే వచ్చి దవాఖానా దగ్గర ఉండమని నర్సమ్మ చెప్పింది. విత్తనాల పండగ రోజులన్నీ ముగిసి, పండగ ఎత్తేదాకా నిండుచూలాలు గూడెం దాటదని జంపక్క ఖరాఖండీగా చెప్పేసింది. పండగేమో తొలివానలతోనే వస్తుంది. ఈ కబురు చెవిన పడగానే రాంబాబు శారదని వెంటేసుకుని టైర్ల కోసం ఖమ్మం పోయాడు.

టైర్ల షాపు జయప్రకాశ్‌ది సొంతూరు మధిర. కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, బండి చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు.

"ఏ దారుల్లో తిరుగుద్దండీ ఇది?"

"వాగుల్ల, సార్. నాకు గా మూలకున్న టైర్లు కావాలె," అంటూ రాంబాబు ట్రాక్టర్ టైర్లలా పెద్ద పెద్ద పళ్లున్నవాటిని చూపించాడు. వాటిని చూస్తేనే అతనికి ధైర్యమొచ్చింది.

"అవి బురద టైర్లు. రేగడిలో వాటికి తిరుగులేదు. మీ వాగులో బురదుందా, ఇసకుందా?"

"ఇసుకే. గుండ్రాళ్లు కూడ."

"మరింకేం! ఇసకలో అవి తవ్వుకుంటా కిందకే పోతాయి. తడి తారు మీద బ్రేకేస్తే జారతాయి కూడా. ఇవి చూడండి, ఆల్ టెరైన్ అంటారు. ఇసక, రాయి, తారు, అన్నిట్లోనూ అంతో ఇంతో పనికొస్తాయి."

ఆ 'అంతో ఇంతో' దగ్గర రాంబాబుకి చిర్రెత్తుకొచ్చింది. "అంతో ఇంతో నాకొద్దు సార్. వాగు దాటాలె, గంతే!"

ఇంతసేపూ నోరు మెదపని శారద అప్పుడు లేచింది. షాపు ముందర బురద టైర్లు వేసిన జీపొకటి నిలబడి ఉంది. అది జయప్రకాశ్ సొంత బండే. దాన్ని ఒకసారి తిప్పి చూస్తామని అడిగి, తలుపు తీసి, చక్కగా వెనక సీట్లో పడుకుంది.

"ఏందే, పిచ్చి లేసిందా? లే, అందరు సూస్తున్రు!" అన్నాడు రాంబాబు.

"సూడనీ. ఇద్దర్ని కన్నదాన్ని, నాకేం సిగ్గు? నువ్వు ముంగట కూసొని నడుపుతవ్. వెనక పండుకునేది వనజ. ఆ పిల్లకెట్లుంటదో నేను సూడొద్దా? నడుపు!"

చచ్చినట్టు నడిపాడు. ఓ చుట్టు తిరిగొచ్చేసరికి శారద నడుం పట్టుకుని దిగింది.

"అమ్మో, పేగులు గొంతులకొచ్చినయ్! ఆ మోతకు చెవులు గుయ్యంటున్నయ్. నాకే గిట్లుంటే నొప్పులు పడేదానికెట్లుంటది? వాగెంత? నాలుగు బారలు. అది దాటినంక భద్రాచలం దాకా తారురోడ్డే గదా. దారంతా ఆ పిల్ల ఏం గావాలె?"

రాంబాబు ఆ వెనక సీటు వంక చూశాడు. రెండేళ్లుగా కళ్లు మూసినా తెరిచినా వాగే కనిపించింది, వాగులో పరువు పోగొట్టుకున్న తన బండే కనిపించింది. వెనక సీట్లో పళ్ల బిగువున నొప్పి ఓర్చుకున్న వనజ ఒక్కసారీ గుర్తుకు రాలేదు. అతనికి సిగ్గేసింది. "నువ్వన్నట్టే కానీ," అన్నాడు నెమ్మదిగా.

ఆల్ టెరైన్ టైర్లు బిగిస్తూ జయప్రకాశ్ ఇంకో మాట చెప్పాడు. "ఇసకలో దిగేముందు గాలి కాస్త తీసెయ్యండి. టైరు వెడల్పయి ఇసక మీద తేలుద్ది. రోడ్డెక్కాక మళ్లీ కొట్టించుకోండి."

"మిర్చి బస్తాలు మోసే బండి సార్ ఇది. మా దిక్కు టైర్ల గాలి తీసేది పగోళ్లే!" అని రాంబాబు నవ్వేశాడు. ఊరు చేరగానే ఎప్పట్లాగే రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టించాడు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాడు. ఇంక నాకేం భయమనుకున్నాడు.

పండగ వచ్చింది, దాని వెనకే వానా వచ్చింది. తెల్లవారి టీ తాగుతుండగా ఫోను మోగింది. రెండేళ్ల తర్వాత వినిపించిన గొంతు, బాగున్నవా అన్న పలకరింపు కూడా లేదు.

"టైర్లు మార్చినవా?"

"మార్చిన అక్కా."

"అయితే రా. వనజకు నొప్పులు మొదలైనయ్. మొగోళ్లందరు అడివిల ఉన్నరు. మంచం మోసే దిక్కు కూడ లేదు."

వాగు మోకాలి లోతున పారుతోంది. ఖాళీ బండి కాస్త ఊగినా అవతలికి చేరింది. పండగ రోజుల్లో గూడెం ఆడవాళ్లు దారికడ్డంగా కర్ర పెట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి ఈనాం అడుగుతారు. ఆ రోజు జీపు కనిపించగానే కర్ర తీసి అవతల పారేశారు. వనజని వెనక సీట్లో పడుకోబెట్టారు. తల జంపక్క ఒళ్లో ఉంది. కాళ్ల దగ్గర వనజ తల్లి పూలి కూర్చుంది.

తిరుగు దారిలో వాగు నీళ్లు దాటారు. ఇంక గట్టెక్కడమే తరువాయి అనగా, ఒడ్డునున్న మెత్తటి ఇసుకలో చక్రాలు గిర్రున తిరిగాయి. రాంబాబు ఇంకా తొక్కాడు. బండి ముందుకి పోవడం మానేసి కిందికి దిగడం మొదలెట్టింది. వెనక వనజ కేక పెట్టింది.

"మళ్లనా, తమ్మీ?" అంది జంపక్క.

అందులో కోపం లేదు, వట్టి భయమే ఉంది. ఆ మాటకి రాంబాబుకి స్టీరింగు మీద తల పెట్టి ఏడుద్దామనిపించింది. అప్పుడు గుర్తుకొచ్చాడు మధిరాయన. ఒక్క ఉదుటున కిందికి దూకి, తడి ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, పుల్లతో టైరు గాలి తీయడం మొదలుపెట్టాడు. సుయ్యిమని చప్పుడైంది.

జంపక్క కిటికీలోంచి తల బయట పెట్టి అరిచింది. "గాలి తీస్తున్నవేందిరా! మమ్ముల సంపుతవా?"

"అక్కా, గీ ఒక్కసారి నన్ను నమ్ము!"

"నమ్మకుంటే ఎక్కుతనా? జల్దీ కానీ!"

నాలుగు టైర్లూ కాస్త కుంగాయి. రాంబాబు ఎక్కి, ఇష్టదేవతలందరినీ తలుచుకుని, ఈసారి పైపైన తొక్కాడు. బండి ఒకసారి మూలిగింది, కదిలింది, పడుతూ లేస్తూ గట్టెక్కింది. అందరూ అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలారు.

తారురోడ్డు మీద మొదటి పంక్చరు షాపు దగ్గర గాలి కొట్టించాడు. ఈసారి రాయిలా కాదు, ఎంతుండాలో అంతే. ఆ తర్వాత దారంతా వానే. అయినా బండి జారలేదు, మోత పెట్టలేదు, వనజ అత్త చెయ్యి పట్టుకుని పడుకుంది. భద్రాచలం దవాఖానాలో మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే, వరండాలో రాంబాబు గోడకానుకుని నవ్వుతూ ఏడ్చాడు.

పండగ ఎత్తే రోజుకి బాలింతనీ, పసిదాన్నీ ఇంటికి తీసుకొచ్చింది కూడా ఆ జీపే. వాన తెరిపిచ్చింది. వాగు దగ్గర గాలి తీయడానికి దిగితే, ఈసారి జంపక్కే పుల్ల అందించింది. వేట నుంచి వచ్చిన మగవాళ్లు, వాళ్ల కోసం పేడనీళ్ల కుండతో కాసుకున్న ఆడవాళ్లు, అందరూ గూడెం మొగదల్లోనే ఉన్నారు. వనజ మగడు బాలకృష్ణ పరుగెత్తుకొచ్చి బిడ్డని ఎత్తుకున్నాడు.

జంపక్క బండి దిగింది. "రాంబాబూ, దిగు. ఆడ నిలబడు," అంది.

నిలబడ్డాడు. ఆమె నేరుగా వెళ్లి కుండ ఎత్తి తెచ్చి, అతని నెత్తిన కుమ్మరించింది.

అందరూ నోళ్లు తెరిచారు. "ఏందమ్మా నువ్వు! బిడ్డను తెచ్చినోని మీద పోస్తవా?" అని బాలకృష్ణ గాభరాపడ్డాడు.

"ఇది ఇప్పటిది గాదు, బిడ్డా. ఆనాటిది," అంది జంపక్క. "ఆ దినం నువ్వొచ్చి ఈడనే నిలబడ్డవ్, రాంబాబూ. పేడనీళ్లు పోద్దామంటే నాకు సెయ్యి లేవలె. ఆ బరువు నువ్వు మొయ్యబట్టి రెండేండ్లాయె."

రాంబాబు కదల్లేదు. పేడనీళ్లు నుదుటి మీంచి కళ్లలోకి, కళ్లలోంచి గడ్డం మీదికి కారుతున్నాయి. వాటిల్లో అతని కన్నీళ్లు ఎన్నో ఎవరికీ తెలియదు. తుడుచుకోవాలని కూడా అతనికి అనిపించలేదు.

జంపక్క ఖాళీ కుండ కింద పెట్టి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పో, కడుక్కొని రా. బువ్వ సల్లారిపోతది," అంది.

వాగులో మునిగొచ్చి, తడిబట్టలతోనే వెళ్లి వేటగాళ్ల పంక్తిలో కూర్చున్నాడు రాంబాబు. అతని విస్తరిలో మొదటి ముద్ద జంపక్కే వడ్డించింది.