నిలకడ లేని రంపం

స్టార్టరు తాడు లాగగా లాగగా ఇంజను రంపం అంటుకుంది. నీలం పొగ కక్కుతూ, పైకప్పు రేకులు దడదడలాడేలా అరిచింది. మెకానిక్కు మీట మీంచి వేలు తీశాడో లేదో దాని గొంతు సన్నగిల్లింది. ఒకసారి దగ్గింది. ఎవరో తరుముతున్నట్టు ఉన్నట్టుండి పైకి లేచి, మళ్లీ దిగజారి, ఆరిపోయింది.

"చూశావా! మళ్లీ అదే రోగం," అన్నాడు బావ.

స్టూలు వేస్తే దాని మీద నిమిషం కూడా కూర్చోలేదు. గుమ్మం దాకా వెళ్లి వీధిని అటూ ఇటూ చూసి వచ్చాడు. ఇప్పుడు బల్ల దగ్గర నిలబడి, స్పానర్లను చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా పేరుస్తున్నాడు.

"ముట్టుకోకు బావా. తర్వాత నాకు ఒక్కటీ కనబడి చావదు."

"ఇప్పుడు మాత్రం నీకేం కనబడుతోంది? వారం వారం తెస్తున్నా. వారం వారం తుడిచిస్తున్నావు. ఇదేమన్నా పసిపిల్లా, స్నానం చేయించి పంపడానికి?"

మెకానిక్కు ఆ వరసలోంచే ఒక స్పానరు తీసుకున్నాడు. మనిషి భారీ, మాట పొదుపు. కళ్లజోడు ఒక వైపు పుల్ల విరిగితే రాగి తీగ చుట్టుకున్నాడు. షాపంటే ఒకే గది. గోడలకు నీళ్ల మోటార్ల మూతలు, బెల్టులు, పళ్లు అరిగిన చెయిన్లు వేలాడుతున్నాయి. ఏళ్ల తరబడి కారిన ఆయిలుకు నేల నల్లగా, మెత్తగా తయారైంది. ఆ నేల మీద గొంతుక్కూర్చుని అతను ప్లగ్గు విప్పాడు. కొనకు పట్టిన మసిని గుడ్డతో తుడిచాడు. గాలి ఫిల్టరును అరచేతిలో తట్టాడు. పెట్రోలు ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. కార్బురేటరు పక్క స్క్రూను వెంట్రుకవాసి అటు తిప్పాడు, మళ్లీ ఇటు తిప్పాడు. అన్నీ చేశాడు. ఒక్కచోటికి మాత్రం అతని చెయ్యీ పోలేదు, చూపూ పోలేదు.

కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్య బొటనవేలంత రబ్బరు గొట్టం ఉంటుంది. దాని అడుగున వెంట్రుకలాంటి చీలిక ఉంది. మీట గట్టిగా నొక్కినంతసేపూ ఫర్వాలేదు. మీట వదిలితే ఆ చీలికలోంచి దొంగగాలి దూరి, ఇంజను పెట్రోలు చాలక ఆగిపోతుంది. ఆ సంగతి మెకానిక్కుకు వానలకు ముందే తెలుసు. కొత్త గొట్టం కూడా తెప్పించి సొరుగులో పెట్టాడు. వేద్దామనుకున్న రోజునే మేనకోడలు వచ్చింది.

బావ కూతురు. డాక్టరు దగ్గర్నించి తిన్నగా షాపుకే వచ్చి, గుమ్మంలో నిలబడింది. "మావయ్యా, నాన్న చెట్టెక్కితే ఇక దిగడంట. గుండె అంత బలహీనంగా ఉందంట. నేను చెబితే వింటాడా? నువ్వు ఆ రంపం బాగుచెయ్యకు. నీ కాళ్లు పట్టుకుంటా" అంది.

చెట్టు మీద రంపం ఆగిపోతే మళ్లీ లాగడానికి రెండు చేతులూ కావాలి. అక్కడ రెండు చేతులూ ఎప్పుడూ ఖాళీ ఉండవు. ఆగిపోయే రంపంతో ఎంత మొండివాడైనా పైకెక్కడు. ఇంకో మెకానిక్కు దగ్గరికి పోదామంటే పెళ్లాం తమ్ముడుండగా పరాయివాడి గుమ్మం తొక్కడం బావకు నామోషీ. కాబట్టి వానాకాలమంతా బావ నేల మీదే ఉన్నాడు. వారం వారం రంపం భుజాన వేసుకుని వచ్చేవాడు, తిట్టేవాడు, టీ తాగేవాడు, పోయేవాడు. ఏ వారమైనా అతను రాకపోతే మెకానిక్కుకే తోచేది కాదు. మేనకోడలి కోసం చేస్తున్నానని మొదట అనుకున్నాడు. పోనుపోను ఎవరికోసమో తనకే తేలేది కాదు.

"బేకరీ ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది," అన్నాడు బావ, బల్ల వదిలి చెయిన్ల దగ్గరికి పోతూ. "మొన్నటి గాలికి కొమ్మ విరిగి పొయ్యి షెడ్డు మీదకి వాలిందట. కింద ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తారు. ఇంకోసారి గాలేస్తే ఏమవుతుంది? నేనొస్తానని మాటిచ్చా."

"ఎవరినైనా వేరేవాళ్లని చూసుకోమను."

"చూసుకుందట. వచ్చేవారం వస్తారట వాళ్లు. కొమ్మకి చెప్తావా వచ్చేవారం దాకా ఆగమని?"

కాలుకాలిన పిల్లి. అక్క బావను అలాగే పిలిచేది. అన్నం నిలబడే తినేవాడు. పెళ్లి ఫొటోలో అక్క చక్కగా పడింది, మెకానిక్కు నిక్కరులో చక్కగా పడ్డాడు, పక్కన పెళ్లికొడుకు మొహం ఉండాల్సిన చోట తెల్లటి మరక ఉంది. ఫొటోగ్రాఫరు కదలొద్దన్నాడట, సరేనని తల ఊపాడట. ఊరందరికీ అతను 'చెట్లాయన'. కరెంటు తీగల మీదికి పెరిగినవీ, గోడలు పగలగొట్టినవీ, గాలికి ఒరిగినవీ కొట్టడమే జీవితం. అంతకుమించి అతని గురించి ఎవరూ ఏమీ అడగలేదు, అతనూ చెప్పలేదు. అక్క ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో మాత్రం మంచం పక్కన కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. అక్క పోయాక లేచాడు. అప్పట్నించీ మళ్లీ కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు.

"లే, నేను చూస్తా," అన్నాడు బావ.

"నీకేం తెలుసు?"

"దాన్ని మోసింది నేనా నువ్వా? లే."

మెకానిక్కు లేచేలోపే బావ గొంతుక్కూర్చుని స్టార్టరు లాగాడు. రంపం అరిచింది. మీట వదిలాడు, దగ్గింది. పడుకోబెట్టాడు, గొంతు మారింది. నిలబెట్టాడు, మళ్లీ దగ్గింది. బావ తల ఒక పక్కకి వంచి విన్నాడు. బెరడు కట్టిన వేళ్లతో ఇంజను ఒంటిమీద వెతుక్కుంటూ పోయి, రబ్బరు గొట్టం అడుగున బొటనవేలు ఆనించాడు.

రంపం కుదుటపడింది. టకటకటకా, ఒకే తీరున.

వేలు తీశాడు. ఆగిపోయింది.

బావ కాలిన వేలిని నోట్లో పెట్టుకుని, తీసి, బావమరిది మొహంలోకి చూశాడు. మెకానిక్కు తేలు కుట్టిన దొంగలా చూపు తిప్పుకున్నాడు. వెళ్లి సొరుగు లాగి, దుమ్ము పట్టిన చిన్న ప్లాస్టిక్ సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల కొత్త రబ్బరు గొట్టం నల్లగా నిగనిగలాడుతోంది.

"పిల్ల చెప్పిందా?" అన్నాడు బావ.

"ఊఁ."

"నువ్వు ఒప్పుకున్నావు."

"నువ్వు పోతే నాకెవరున్నారు బావా?"

బావ తిడతాడనుకున్నాడు. తిట్టలేదు. గుమ్మం దాకా వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. అక్కడే నిలబడి వీధి వైపు తిరిగి అన్నాడు: "తెల్లారి లేస్తానా, ఎటు పోవాలో తెలీదు. ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతా. పిల్ల నన్ను చూసి ఏడుస్తుంది, నాకు కనబడకుండా. కింద ఉంటే బతుకుతానన్నాడు డాక్టరు. ఇది బతుకేనంట్రా?"

మెకానిక్కు కూర్చున్నాడు. స్క్రూలు విప్పి, పాత గొట్టం ఊడదీసి, కొత్తది ఎక్కించి, బిగించాడు. లాగగానే రంపం అంటుకుంది. మీట వదిలితే పెంపుడు జంతువులా గుర్రుమంటూ నిలబడింది. బావ ముసిముసిగా నవ్వి రంపం ఆపి భుజానికెత్తుకున్నాడు.

"నేనూ వస్తా," అన్నాడు మెకానిక్కు. షాపుకు తాళం కూడా సరిగా వేయలేదు.

బేకరీ పెరట్లో చెట్టు పొయ్యి షెడ్డు కంటే ఎంతో ఎత్తు. విరిగిన కొమ్మ చీలిన చోట పచ్చిగా తెల్లగా కనబడుతూ, రేకుల మీద బరువు మోపి ఉంది. బేకరీ ఆవిడ పిండి చేతులతో బయటికి వచ్చి, "మీ ఒంట్లో బాగాలేదని విన్నా," అంది అనుమానంగా. "రంపం ఒంట్లో బాగుందమ్మా, నాదేముంది," అన్నాడు బావ. షెడ్డులో వాళ్లను బయటికి రప్పించాడు. తాడు భుజాన వేసుకుని, రంపం నడుముకు తగిలించుకుని, బోదె మీద చెయ్యి వేశాడు.

మెకానిక్కు కింద నిలబడలేకపోయాడు. చెట్టు చుట్టూ తిరిగాడు. "మెల్లగా బావా," అన్నాడు, "ఆగి ఎక్కు," అన్నాడు, "కాలు చూసుకో," అన్నాడు. పైనుంచి బెరడు పొడి రాలింది. ఒక చోట బావ ఆగి బోదెకు నుదురు ఆనించాడు. మెకానిక్కు బోదె కిందికి వచ్చి రెండు చేతులూ పైకి చాచాడు. బావ మళ్లీ కదిలాడు.

ఇన్నేళ్లలో మెకానిక్కు బావ పని ఒక్కసారీ చూడలేదు. చెడి వచ్చిన రంపాన్నే చూశాడు. ఇప్పుడు తల ఎత్తి చూస్తే పైన ఉన్నది వేరే మనిషి. రెండు కొమ్మల సందున కూర్చుని, పైకొమ్మకు తాడు ముడేసి, ఎటు కోస్తే ఎటు వాలుతుందో చూసుకుంటున్నాడు. తొందర లేదు. కాలు ఊపడం లేదు. గాలికి చెట్టు ఊగుతోంది, దాంతోపాటు అతను ఊగుతున్నాడు, అంతే. ఒక కోత కోసి, మీట వదిలి, రంపం తన పాటికి తాను మెల్లగా తిరుగుతుంటే దూరంగా ఇళ్ల మీదుగా ఏదో చూస్తూ ఉండిపోయాడు. అలా ఎంతసేపైనా ఉండేలా ఉన్నాడు.

"ఏముంది బావా అక్కడ?" అని అరిచాడు మెకానిక్కు.

"ఏమీ లేదురా. బాగుంది."

కొమ్మ ముక్కలు ముక్కలుగా, రేకుకు సొట్ట పడకుండా దిగింది. చివరికి రంపాన్నీ దించాడు, తనూ దిగాడు. షర్టు తడిసి ఒంటికి అంటుకుంది. మొహం మాత్రం కళకళలాడుతోంది.

"తాడు విప్పలేదే?" అన్నాడు మెకానిక్కు.

"విప్పుతాలే. కాసేపు కూర్చుంటా."

ఆ మాట బావ నోట విని మెకానిక్కుకు నవ్వొచ్చింది. బావ షెడ్డు గోడకు వీపు ఆనించి, కాళ్లు బారచాపి, ఒళ్లో చేతులు పెట్టుకున్నాడు. లోపల్నించి వేడి రొట్టె వాసన వస్తోంది. మెకానిక్కు రంపం తుడిచి, చెయిన్‌లో ఇరుక్కున్న పొట్టు తీసి, కళ్లజోడు సర్దుకున్నాడు. బేకరీ ఆవిడ టీ తెచ్చింది. "ఇదుగో తీసుకోండి," అంది. "మిమ్మల్నేనండీ," అంది. తర్వాత ఏమీ అనలేదు. గ్లాసు నెమ్మదిగా నేల మీద పెట్టింది.

సాయంత్రం మేనకోడలు వచ్చేసరికి బావను ఇంటి అరుగు మీద పడుకోబెట్టారు, చుట్టూ జనం. మెకానిక్కు ఆమెకు ఎదురెళ్లి, "నేనే బాగుచేశానమ్మా," అన్నాడు. తిడుతుందని, గుండెల మీద గుద్దుతుందని చూశాడు. ఆ పిల్ల చాలాసేపు అతని చేతులనే చూసింది.

"పైన ఎలా ఉన్నాడు మావయ్యా?"

"కుదురుగా కూర్చున్నాడు. మీ అమ్మ మంచం దగ్గర కూర్చున్నట్టు."

అప్పుడు గానీ ఆమె ఏడవలేదు.

అన్నీ అయిపోయాక మెకానిక్కు ఒకరోజు బేకరీ వైపు వెళ్లాడు. పెరట్లో తెల్లటి పొట్టు వానకు తడిసి గోధుమరంగు తిరిగింది. తాడు విప్పమని ఇద్దరు ముగ్గురిని అడిగానని, అంత పైకి ఎక్కేవాళ్లు దొరక్క నిచ్చెన అందినంత మేర కోయించానని బేకరీ ఆవిడ చెప్పింది. మెకానిక్కు తల ఎత్తాడు. రెండు కొమ్మల సందున, బావ వేసిన ముడి బిగుతుగా అలాగే ఉంది. మనిషి చెయ్యి చాచినా అందనంత ఎత్తులో తాడు కొస గాలికి అటు కొంచెం, ఇటు కొంచెం ఊగుతోంది.