సహజ కంప్యూటర్‌కు పట్టిన జబ్బు

కంప్యూటర్ మళ్లీ టుప్పుమని ఆగిపోయి, తనంతట తానే మొదలైంది. టైపు చేసిన ఫైలు సగం గల్లంతు. సహజ నెత్తి పట్టుకుని కూర్చుండిపోయింది.

పక్కనే గోడకానుకుని బీడీలు చుడుతున్న నాయనమ్మ లచ్చవ్వ తలెత్తింది. "మల్ల పాయెనా బిడ్డా?"

"పాయె అవ్వా."

ఆ కంప్యూటర్‌ను సహజ తన చేతులతోనే బిగించుకుంది. బాన్సువాడ బస్టాండు దగ్గర ఆకిబ్ దుకాణంలో పాత సామాను ఒక్కొక్కటే ఏరుకొచ్చి, వేడెక్కకుండా డబ్బాకు ఒక పక్క రేకు తీసేసి పెట్టుకుంది. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు వాళ్లు పంపే ఫోన్ సంభాషణలు విని టైపు చేసే పని. ఇంకా ట్రయల్ మీదే ఉంది. పర్మినెంట్ అయిన రోజే బీడీల చాట సజ్జ మీద పెట్టేయాలని అవ్వ దగ్గర మాట తీసుకుంది. పొగాకు దుమ్ముకు లచ్చవ్వ ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఇంకా చుడితే మనిషి దక్కదని దవాఖానలో మొహం మీదే చెప్పారు మరి.

అంత ఆశ పెట్టుకున్న మిషన్‌కు ఈ మాయరోగం! తప్పంతా మెమరీదేనని పరీక్ష పెట్టిన ప్రతిసారీ తెర మీద కనిపించేది. మెమరీ అంటే ఎర్ర రేకు తొడిగిన రెండు సన్నటి పట్టీలు. సహజ వాటిని ఊడబీకింది, కొసలు రబ్బరుతో రుద్దింది, ఒకటి తీసి ఒకటి పెట్టింది, ఈ గాడిలోది ఆ గాడిలో గుచ్చింది. రుద్దిన రోజు బుద్ధిగా నడిచేది. తెల్లారితే షరా మామూలే.

విసిగిపోయి దుకాణానికి మోసుకెళితే, ఆకిబ్ కూడా అంతా తుడిచి సాయంత్రం దాకా నడిపించాడు. ఒక్కసారి ఆగితే ఒట్టు.

"మిషన్ మంచిగనే ఉంది సహజక్కా. మీ ఇంట్ల కరెంటే ఖరాబున్నట్టుంది. నా దగ్గరున్న పవర్ సప్లై పెట్టి సూడు, ఫికర్ జెయ్యకు."

పెట్టింది. మర్నాడు పొద్దున్నే టుప్పు!

ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి యశస్వి ఫోన్ చేసింది. మంచి పిల్లే పాపం, నసిగి నసిగి చెప్పింది. "ఫైళ్లు టైముకు రావట్లేదు సహజగారూ. పైవాళ్లు వేరే ఎవర్నో తీసుకున్నారు. సారీ అండి."

సహజకు ఏడుపు కూడా రాలేదు. అవ్వకు చెప్పడానికి నోరూ రాలేదు.

తెల్లవారి కళ్లు తెరిచేసరికి లచ్చవ్వ తానం చేసి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. చేతిలో కుంకుమ భరిణె. వేలు నీళ్లలో ముంచి, కుంకుమలో అద్ది, రేకు లేని పక్క నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, ఆ ఎర్ర పట్టీల మొదట్లో భక్తిగా బొట్టు పెడుతోంది.

"అవ్వా! ఏం జేస్తున్నవ్?"

లచ్చవ్వ దొరికిపోయిన చిన్నపిల్లలా నవ్వింది. "కోపం జెయ్యకు బిడ్డా. నువ్వు రోజు గదాన్నే తీస్తివి, తుడుస్తివి, నెత్తి కొట్టుకుంటివి. దాని పాణమంత గాడనే ఉందని సమజైంది. గందుకే రోజు గాడనే బొట్టు వెడుతున్న. నీ కండ్లవడితే కసురుకుంటవని అడుగుకు వెడుతున్న."

సహజకు ఒళ్లు మండిపోయింది. అరవడానికి నోరు తెరిచింది. అవ్వ వేలి కొసన తడి కుంకుమ ఇంకా అలాగే ఉంది. ఎవరిని తిట్టాలి? చోటు చూపించింది తానే. మొదట ఆగింది దుమ్ముకే అయినా, ఆ తర్వాత రోజూ ఆగింది ఈ తడి బొట్టుకు. రబ్బరుకు అంటుతున్న ఎరుపు రేకు రంగేననుకుంది ఇన్నాళ్లూ.

అవ్వ వంటింట్లోకి వెళ్లాక గాడుల్లో గట్టిపడిన కుంకుమను గీకి, బ్రష్‌తో తుడిచి, ఆన్ చేసింది. ఆ రోజు పొద్దుగూకేదాకా కంప్యూటర్ ఆగలేదు. దాని మీద చెయ్యడానికి పనే లేదు.

"సూసినవా, దేవుడు ఇన్నడు! ఇగ నీ నౌకరి పక్కా!" లచ్చవ్వ సంబరానికి పట్టపగ్గాల్లేవు. దగ్గుకుంటూనే లేచి చాటను సజ్జ మీదికి తోసింది. "రేపటి సంది కార్ఖానకు వోయి ఆకు తేను. నీకిచ్చిన మాట మాటే."

సహజ స్టూలెక్కి చాట దించింది. అవ్వ కూర్చునే చోటే కూర్చుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని, కత్తెర అందుకుంది. చిన్నప్పుడు నేర్చుకున్న పనే. నీ చేతులకు ఈ వాసన వద్దని అవ్వే మాన్పించింది.

"ఏందే గిది? మిషన్ నడుస్తుంది గద?"

"నడుస్తుంది. నౌకరే పోయింది అవ్వా."

లచ్చవ్వ గోడ పట్టుకుని నిలబడింది. "ఎందుకు వోయిందే?"

సహజ ఆకు మీది నుంచి చూపు తిప్పలేదు.

"కరెంటు అవ్వా. మనింట్ల కరెంటే ఖరాబున్నదట."