తడి నేల

నున్నటి షాబాద్ బండల మీద జారి కాలు విరిగిన వీరప్ప ఆ మధ్యాహ్నమే దవాఖాన నుంచి వస్తున్నాడు. అతని ఇంట్లో ఆ బండల మీద జారని వినైల్ ప్లాస్టిక్ పలకలు అంటిస్తున్న పనివాడు ఉబేద్‌ చేతికి మొదటి పలక ఊడి వచ్చింది. కింద చెమ్మ.

“నేల కడిగినవా, పెద్దమ్మా?”

“కొత్తది ఏస్తుండ్రంటే కడగకుంట ఎట్ల?” అంది వీరప్ప భార్య నీలమ్మ.

“జిగురుతోని అంటించే పలకలైనా, చుట్ట విప్పి పరిచే షీటైనా, ఒకదాంట్లొకటి బిగించే పట్టీలైనా తడి మీద ఎయ్యొద్దు. రెండు రోజులు ఆరాలె.”

వాకిట్లో ఆటో ఆగింది.

ఉబేద్ పళ్లు కొరుకుతూ వట్టి కాళ్లతో బయటికి నడిచాడు. వీరప్పను రెండు చేతుల మీద ఎత్తుకుని, ఒక్కో అడుగూ ఆనించి చూసుకుంటూ మంచందాకా తెచ్చి దించాడు.

వెనక్కి తిరిగితే, అతని మట్టి అడుగులు కడగడానికి నీలమ్మ బకెట్‌తో నిలబడి ఉంది.