సత్యం గారి నియమం

ఆదివారం ఉదయం ఏడుంపావుకి, మామిడికుదురులో పుండ్లకు ఆకు పసరు కట్టే సత్యం గారి అరుగు మీద, వీరాయమ్మ ఆయన ఎడమ కాలి సాక్సు లాగేసింది. బొటనవేలి కింద ఆసుపత్రి కట్టు ఉంది. పసరు కోసం వచ్చిన పదహారు మంది చూశారు.

అక్కడ కట్టు ఉంటుందని ఆమెకు మూడు వారాలుగా తెలుసు. భర్త పోయాక ఆమె అమలాపురంలో ఒక డాక్టరు దగ్గర ఆయాగా చేరింది. సత్యం గారు మాస్కు పెట్టుకుని, వీరన్న అని పేరు రాయించుకుని వచ్చినప్పుడు, పుండు కడుగుతుంటే కింద పళ్ళెం పట్టింది ఆమే. ఆయన ఆయా మొహం చూడలేదు. ఆమె గొంతు పోల్చుకుంది, పుండు చూసింది, చీటీలో ఇన్సులిన్ చూసింది, పళ్ళెం కడిగి బోర్లించింది. ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళ కిందట ఆమె భర్త రామ్మూర్తి అరికాలికి కొబ్బరి మట్ట గీసుకుంది. షుగరు మనిషి, రోజూ ఇన్సులిన్ సూది వేసుకునేవాడు. సత్యం గారు గడ్డి చామంతి ఆకు నూరి కట్టి తన నియమం చెప్పారు: కట్టు ఉన్నన్నాళ్ళూ సూది ముట్టకూడదు, ముడితే పసరు పనిచేయదు. రామ్మూర్తి నలభై రోజులు ముట్టలేదు. తరవాత మోకాలి కింద కాలు తీశారు. కాలు తీసిన పదకొండో రోజున పోయాడు.

"ఆకు చెడ్డది కాదమ్మా. పుండు మానడానికి సాయపడుతుందేమోనని దాని మీద పరీక్షలు కూడా చేస్తున్నారు. ఇన్సులిన్ మాన్పించడమే చంపింది" అని అప్పుడు కాలు తీసిన డాక్టరు చెప్పాడు.

వీరాయమ్మ కొంగు ముడి విప్పి ఆకు ముద్ద తీసింది. తనే కోసి, తనే నూరింది.

"కాలిలా పెట్టండి, కడతాను. మీ ఆకేనండి."

"నీకెందుకమ్మా ఈ పని?" అన్నారు సత్యం గారు.

"నలభై రోజులు సూది ముట్టకండి మరి. మా ఆయనకి చెప్పేరుగా."

ఆయన కాలు వెనక్కి లాక్కున్నారు.

మడమ పుండుతో వచ్చిన సుగుణ ముందుకు జరిగింది. "మీరు సూది వేసుకుంటారాండీ?"

ఆయన సాక్సు అందుకోబోయారు.

"చెప్పండి బాబూ. పెద్దవారు, రెండుసార్లు అడిగించుకోకూడదు" అంది వీరాయమ్మ.

"ఆయ్" అన్నారాయన.

"ఎన్నాళ్ళ నించండీ?"

"ఆరేళ్ళు."

"అయితే మా ఆయనకి కట్టిన పొద్దున కూడా వేసుకునే కట్టేరా?"

"వేసుకునే కట్టేను."

"నేను మానేసి పదిరోజులండి" అని సుగుణ ఎవరితోనో అన్నట్టు అని, చెప్పులు తొడుక్కుని బస్సు కోసం రోడ్డు మీదకి నడిచింది. ఆమె వెనక ఐదుగురు లేచారు.

"నీ కసి తీరిందా?" అన్నారు సత్యం గారు.

"ఇంకా పదిమంది కూచున్నారండి. కాలు చాపండి."

ఆయన చాపలేదు. ఆమె చేతిలో ముద్ద పట్టుకుని ఎదురుగా అలాగే కూర్చుంది. పదకొండింటికి ఆఖరి మనిషి లేచి వెళ్ళాడు.

మధ్యాహ్నం సుగుణ అమలాపురంలో సూది వేయించుకుంది. తరవాతి ఆదివారం అరుగు మీదకి పసరు కోసం ఇద్దరే వచ్చారు. వీరాయమ్మ మళ్ళీ ఆకు ముద్ద పట్టుకుని వాళ్ళ మధ్య కూర్చుంది.