ట్యాంకరు ముందు వదిన

పార్కులో చెత్తబండి తగిలి ఒకాయన చెయ్యి విరిగిన తర్వాత, అక్కడికి కొత్త సూపర్‌వైజరు వచ్చింది. వస్తూనే ఒక నియమం పెట్టింది. గేటు దాటి లోపలికి వచ్చే ఏ బండి ముందైనా సరే, ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. బండి ఆ మనిషి వెనకే రావాలి. దాటిపోకూడదు, హారన్ కొట్టకూడదు.

జెండా పని ఊడ్చేవాళ్లలో ఒకామెకు పడింది. ఆమెది గట్టి గొంతు. నడకకు వచ్చేవాళ్లను పక్కకు జరపడానికి ఆ గొంతు పనికొస్తుందనుకుంది సూపర్‌వైజరు. ఆవిడకు తెలియనిది ఒకటుంది. పొద్దున్నే మొక్కలకు నీళ్లు తెచ్చే ట్యాంకరు డ్రైవరు ఆమెకు స్వయానా మరిది. వదినా మరుదులకు మాటల్లేవు.

ఆ మాటలు తెగింది ఆసుపత్రి వరండాలో. భర్తకు పక్షవాతం వచ్చిన రోజు ఆమె మరిదికి పదే పదే ఫోన్ చేసింది. వరసగా రెండు డ్యూటీలు చేసొచ్చి ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్న అతను ఎత్తలేదు. తీరా లేచి చూసుకుని, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చేసరికి ఆమె నలుగురిలోనూ, "ఇప్పుడెందుకొచ్చావ్? ఇంక మా గడప తొక్కకు" అనేసింది. కడుపుమంటలో వచ్చిన మాట. అతను దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

ఆమె భర్త బతికి బయటపడ్డాడు గానీ కుడిచెయ్యి, కుడికాలు స్వాధీనంలోకి రాలేదు. మాట ముద్దగా వస్తుంది. ఆ ముద్దమాటల్లోనే "తమ్ముడేడీ?" అని అడుగుతుంటాడు. "పనిలో ఉన్నాడు" అని ఆమె దాటేస్తుంది.

జెండాతో గేటు దగ్గర నిలబడ్డ వదినను చూసి మరిది బండి ఆపి, నేరుగా సూపర్‌వైజరు గదికి వెళ్లాడు.

"ముందు నడవడానికి ఇంకెవర్నయినా పెట్టండి మేడమ్."

"ఏం, ఆవిడతో ఏంటి ఇబ్బంది?"

"మా వదినండి."

"మరీ మంచిది. ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతావ్."

అక్కడితో ఆ మాట అయిపోయింది. ఆ రోజు నుంచి వదిన ముందు, ట్యాంకరు వెనక. "అయ్యా, జరగండి! అమ్మాయ్, చెవుల్లోవి తీసి వినమ్మా!" అని అరుచుకుంటూ ఆమె నడిచేది. వెనక్కి తిరిగి చూసేది కాదు. మరిదికి చెప్పాల్సింది ఏదైనా ఉంటే గాలికి చెప్పేది.

"ఇక్కడ గుంటుంది. కళ్లున్నవాళ్లు చూసుకుంటారు."

అతను అద్దంతో చెప్పుకునేవాడు. "కొందరు తాబేలుకు అక్కల్లా నడుస్తుంటే, ఈ మొక్కలకు నీళ్లు పడేదెప్పుడో!"

నడకకు వచ్చేవాళ్లకు ఇదో వినోదమైంది. ఆమెకు 'జెండా అక్క' అని పేరు పెట్టేశారు.

పార్కులో పేరు పడ్డ మనిషి ఇంకొకాయన ఉన్నాడు, వెనకనడక మాస్టారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. వెనక్కి నడిస్తే నడుంనొప్పి పోతుందని ఎవరో చెప్పారట, పొద్దున్నే దారి పొడుగునా వెనక్కే నడిచేవాడు.

"కాస్త తల తిప్పి చూసుకుంటూ నడవండి మాస్టారూ" అంది ఒకసారి జెండా అక్క.

"తిప్పితే మెడనొప్పమ్మా" అన్నాడాయన.

ట్యాంకరు మరిదికి రోజూ ఎదురుగా చూడ్డానికి వదిన వీపు తప్ప మరేమీ ఉండేది కాదు. అలా చూడగా చూడగా, దారి పల్లంగా ఉన్నచోట ఆమె ఎడమకాలు ఆచితూచి వేస్తోందని గమనించాడు. మోకాలు బాగాలేదన్నమాట. మంచంలో ఉన్న మనిషిని లేపి కూర్చోబెట్టీ పడుకోబెట్టీ అరిగిపోయి ఉంటుంది. మర్నాటి నుంచి తాబేలు మాట మానేశాడు. బండిని బాగా వెనకాల, ఎడంగా ఉంచుతూ వచ్చాడు.

ఇంజను చప్పుడు దూరం కావడం ఆమెకూ తెలిసింది. దగ్గరకు రావడానికి కూడా వీడికి మనసొప్పడం లేదనుకుంది. ఆ పూట జెండా కర్ర నేలకేసి గట్టిగా కొడుతూ నడిచింది.

ఒకరోజు పొద్దున వెదురు పొదల మలుపు దాటి ఆమె నాలుగడుగులు వేసిందో లేదో, పక్కదారిలోంచి మాస్టారు వెనక్కి నడుచుకుంటూ దారి మధ్యలోకి వచ్చేశాడు. ఇటు ఆమె, అటు ట్యాంకరు. వెదుర్లు అడ్డమై డ్రైవరుకు ఆయన కనబడడు. ఆయనకు ఎలాగూ ఏదీ కనబడదు. చెప్పుల చప్పుడు విని జెండా అక్క మొదటిసారి వెనక్కి తిరిగింది. జెండా పారేసి పరుగెత్తి మాస్టారిని గడ్డిలోకి ఒక్క తోపు తోసింది. ఆ తోపుకు మోకాలు పట్టు తప్పి, తను బండికి ఎదురుగా పడిపోయింది.

మలుపు తిరుగుతూనే మరిది బ్రేకు మీద నిలబడ్డాడు. నిండు ట్యాంకరు ఆపగానే ఆగదు, లోపలి నీళ్లు ముందుకు తోస్తాయి. బండి ఊగుతూ, నీళ్లు ఒలకబోసుకుంటూ వచ్చి, ఆమె కాళ్లకు ఇవతలే ఆగింది.

"వదినా! తగిలిందా? ఎక్కడ తగిలింది వదినా?"

దూకి వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నాకేం కాలేదు. ముందు ఆ మాస్టార్ని చూడు."

మాస్టారు గడ్డిలో కూర్చుని కళ్లజోడు వెతుక్కుంటున్నాడు. "తప్పు నాదేనమ్మా, నాదే" అంటున్నాడు. ఆయనకు కళ్లజోడు అందించి, వదినను లేపి ట్యాంకరు మెట్టు మీద కూర్చోబెట్టాడు మరిది.

"అంత వెనకాల ఎందుకుంటున్నావ్ రోజూ?" అంది ఆమె.

"నీ మోకాలు బాగాలేదుగా. దగ్గరికొస్తే కంగారుపడి గబగబా నడుస్తావని."

"నేనింకా నా మొహం చూడ్డం ఇష్టంలేక అనుకున్నా."

"మొహం ఎప్పుడు చూపించావ్? వీపేగా చూపించింది!"

ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మీ అన్నయ్య రోజూ నిన్నే అడుగుతున్నాడు."

"గడప తొక్కొద్దంది నువ్వేగా."

"అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ రోజు నాకెవరూ లేరనిపించింది. ఆ దుఃఖమంతా తెచ్చి నీ నెత్తిన పోశాను."

"నేనూ ఫోన్ ఎత్తి ఉండాల్సింది వదినా."

"నిద్రపోయేవాడు ఎలా ఎత్తుతాడ్రా? సాయంత్రం రా ఇంటికి."

ఈలోగా సూపర్‌వైజరు పరుగున వచ్చింది. మలుపూ వెదుర్లూ చూసి తల పట్టుకుంది. ఆ వారంలోనే వెదుర్లు కొట్టించి, పక్కదారికి గొలుసు పెట్టించింది. మాస్టారు వెనక్కి నడిస్తే గడ్డిలోనే నడవాలని గట్టిగా చెప్పింది. జెండా మాత్రం మోకాలు నెమ్మదించాక మళ్లీ పాత మనిషి చేతికే వచ్చింది. ఇంకెవరికో ఇస్తానంటే జెండా అక్క ఒప్పుకోలేదు.

వదిన పడ్డ రోజు సాయంత్రమే మరిది ఇంటికి వచ్చాడు. గడప దగ్గర కాసేపు తచ్చాడితే, "లోపలికి తగలడు" అని వదిన లోపల్నుంచే కేకేసింది. మంచం మీద అన్న తమ్ముణ్ని చూసి ఎడమచెయ్యి చాపాడు. చొక్కా గుప్పిట పట్టుకుని వదల్లేదు. ముద్దమాటల్లోనే అడిగాడు.

"ప... పనైందా?"

"అయింది అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. అన్న గడ్డం ఒకచోట గీసి ఒకచోట వదిలేసి, ఎగుడుదిగుడుగా ఉంది. "ఎవరు గీశారు దీన్ని?"

అన్న కళ్లతోనే భార్యను చూపించాడు.

"చీపురు పట్టే చేతికి అదెలా వస్తుంది?" అంది ఆమె.

తమ్ముడు వేడినీళ్లు, సబ్బు అడిగి తెప్పించుకుని మంచం అంచున కూర్చున్నాడు. బొటనవేలితో చెంప సాగదీసి, మెల్లగా గీయడం మొదలుపెట్టాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి టీ నీళ్లు పెట్టింది. ముందుగదిలోంచి ఒకరు ముద్దమాటలతో సణగడం, ఇంకొకరు "కదలకు, తెగుద్ది" అని కసరడం వినిపిస్తున్నాయి. టీ పొంగేదాకా ఆమె అవే వింటూ నిలబడింది.